నాలుగు తెల్ల మడతలు

మాస్టారు పోయారన్న సంగతి నాకు వాంకూవర్ నుంచి తెలిసింది. ఆయన ఉండేది దేశానికి ఈ కొసన, ఒషావాలో, మా ఇంటికి మూడు వీధుల అవతల. మార్చి నెలలో ఒక మంగళవారం ఉదయం ఆయన కూతురు ఫోన్ చేసి, "అంకుల్, డాడీ పాస్డ్ అవే. అమ్మ దగ్గరికి ఎవరైనా వెళ్ళగలరా? నా ఫ్లైట్ నాలుగింటికి గానీ లేదు," అంది. వెళ్తానమ్మా అన్నాను. ఆ మూడు వీధులూ అంతకు ముందు ఆరు నెలల్లో నేను ఒక్కసారే నడిచానని ఆ అమ్మాయికి తెలియదు.

నేను రోజూ ఒక నోటుబుక్కులో ఆనాటి సంగతులు రాసుకుంటాను. వాతావరణం, చేసిన పని, మార్చిన బెల్టులు, వచ్చి వెళ్ళిన మనుషులు. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నవాణ్ణి కాదు. ఏ పనైనా చూసి, చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకున్నవాణ్ణి. రాసుకోకపోతే నాకు నిలవదు. ఆ రోజు పేజీలో "మైనస్ ఆరు. సన్నటి మంచు. మాస్టారు లేరు" అని మాత్రమే ఉంది. ఈ నాలుగు మాటలూ ఆ పేజీలో రాయలేకపోయినవి.

మన వాళ్ళ వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టింది నేనే. గంటలో అరవై దండాలు వచ్చాయి. వాటి మధ్యలో ఒకాయన ఇలా రాశారు: "చాలా బాధాకరం. ఆయన వాయించిన రికార్డింగ్ ఎవరి దగ్గరైనా ఉంటే షేర్ చేయగలరు. మేలో మా అమ్మాయి పెళ్ళి. గట్టిమేళం వరకు ఉన్నా చాలు." దాని కింద ఇద్దరు బొటనవేళ్ళు పెట్టారు. ఆ రాసినాయన చెడ్డవాడు కాదు. మాస్టారంటే మనకు ఎంతవరకు కావాలో అంతవరకే అడిగాడు.

మన తెలుగు సంఘం వేసే ఈ సంచిక చదివే మీలో చాలామంది ఆయన్ను విన్నారు. చూసి ఉండరు. రిచ్‌మండ్ హిల్ బాంక్వెట్ హాళ్ళలో ఆయన కుర్చీ ఎప్పుడూ ఒకే చోట ఉండేది: ఫొటోగ్రాఫర్ల వెనక, స్పీకర్ల స్టాండు పక్కన, ఎగ్జిట్ బోర్డు కింద. మీ ఆల్బములు తీసి వెతకండి. ఒక మోచెయ్యో, సన్నాయి చివరో కనబడితే అది ఆయనే.

నేను మొదటిసారి చూసింది కూడా అక్కడే. ఏడేళ్ళ క్రితం, మా ఆవిడతో పాటు పనిచేసే ఆవిడ కూతురి పెళ్ళి. ముహూర్తానికి ఇంకా గంట ఉంది. నేను చివరి వరసలో కూర్చున్నాను. ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తుందేమోనని నేను ఎప్పుడూ అక్కడే కూర్చుంటాను. పక్కనే ఆయన ఏదో నెమ్మదిగా అందుకున్నారు. నాకు సంగీతం తెలియదు. కానీ చేతిలో ఉన్న సమోసా ప్లేటులో పెట్టేశాను. అది మెట్టు మెట్టుగా పైకి వెళ్తూ ఉంది, ఇంకొక్క మెట్టు ఎక్కితే ఏదో కనబడుతుందన్నట్టుగా. సరిగ్గా అప్పుడు మంటపం మీద నుంచి పెళ్ళికూతురి తండ్రి, పెద్ద డాక్టరు గారు, అరచెయ్యి ఎత్తారు. ఈయన టక్కున ఆపేశారు. బుగ్గలో ఊపిరి బుగ్గలోనే ఉంది. డాక్టరు గారు మైకు అందుకుని, పార్కింగ్‌లో గ్రే కలర్ వ్యాన్ లైట్లు వెలుగుతున్నాయని, అది ఎవరిదో చూసుకోమని చెప్పారు. చెప్పి ఇటు తిరిగి వేలు ఆడించారు. ఈయన మళ్ళీ ఊదారు. ఎక్కడ ఆపారో అక్కడ నుంచి కాదు. కింద నుంచి, వేరే ఏదో.

తర్వాత భోజనాల దగ్గర ధైర్యం చేసి, అలా మధ్యలో తెంపితే మీకు కోపం రాదా అని అడిగాను.

"కోపమా?" అని ఆయన నవ్వారు. "చెయ్యెత్తితే ఆపాల. వేలాడిస్తే అందుకోవాల. మా నాయన నాకు ముందు నేర్పింది అదేనయ్యా. సరిగమలు ఆ తర్వాత."

అప్పటికి ఆయన రిటైరై కొద్ది కాలమైంది. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు లేత్ మీద పనిచేశారు. శనాదివారాలు సన్నాయి. ఒకే వీధుల్లో నడుస్తూ ఉండేవాళ్ళం కనక నెమ్మదిగా పరిచయం పెరిగింది. ఆయన నన్ను తమ్ముడూ అనేవారు. నేను మాస్టారూ అనేవాణ్ణి. ఆయన భార్యను వదినగారూ అనేవాణ్ణి. ఆవిడ నన్ను మరిదిగారూ అని కొంచెం సాగదీసి, ఆటపట్టించినట్టుగా పిలిచేవారు.

ఆయన అలవాట్లు చిన్నవి. సన్నాయి కొసన పెట్టి ఊదే రెల్లు పీకలు పాత బిస్కెట్ల డబ్బాలో, ఒక్కొక్కటీ దూదిలో చుట్టి పెట్టుకునేవారు. ఇక్కడి చలికాలపు పొడిగాలికి కర్ర పగులుతుందని సన్నాయి పెట్టెలో తడిగుడ్డ ఉంచేవారు. కారులో ఆ పెట్టెను ముందు సీట్లో పెట్టి బెల్టు కట్టేవారు. వదినగారు వెనక కూర్చోవాలి. "ముందు సీటు సవతిది మరిదిగారూ. నాకు రేడియో మార్చే అధికారం కూడా లేదు," అనేవారు ఆవిడ. ఆయన అద్దంలో నుంచి, "ఆవిడకి మెడ పట్టేస్తే ఎవడు ఊదుతాడే?" అనేవారు.

ఈ దేశంలో ఆయన ఎన్ని పెళ్ళిళ్ళకు వాయించారో నాకు తెలియదు. ఒక్కసారి కూడా ఆయన్ను వేదిక మధ్యలో కూర్చోబెట్టి గంటసేపు వాయించమన్నవాళ్ళు లేరు. ఉగాది కార్యక్రమానికి పిలిచారు, ముఖ్య అతిథి మెట్లు ఎక్కుతున్నంతసేపు వాయించడానికి. అతిథి త్వరగా ఎక్కారు. కార్యక్రమం మన కమ్యూనిటీ సెంటర్లోనే జరిగింది. కుర్చీలు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మూడేళ్ళ క్రితం ఊపిరితిత్తులు బాగాలేవని, ఇక ఊదకూడదని డాక్టరు చెప్పారు. ఆయన ఆ సంగతి నాతో చెప్పినప్పుడు మంచు తీసే పార చేతిలో ఉంది. అది కూడా వద్దన్నారట. నేను పార తీసుకుని ఆయన వాకిలంతా శుభ్రం చేశాను. ఆ తర్వాత నెల రోజులు ఆయన ఇంట్లో నుంచి బయటికి రాలేదు. వదినగారు ఒకరోజు తలుపు దగ్గర నిలబెట్టి, ఎక్కడికైనా తీసుకువెళ్ళండి, ఆ డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చుంటున్నారు, అన్నారు.

నేను తీసుకువెళ్ళగల చోటు ఒక్కటే, నేను పనిచేసే చోటు. ఒషావాకు తూర్పున ఒక చిన్న ఊళ్ళో, ఏటా సెప్టెంబరులో ఫెయిర్ జరిగే మైదానం ఉంది. పశువుల పందేలు, గుమ్మడికాయల పోటీ, వేయించిన ఉల్లిపాయ వాసన, మన తిరణాల లాంటిదే. అక్కడ షెడ్లు, మోటార్లు, కంచెలు చూసుకోవడం నా పని. ఆ మైదానంలో నూరేళ్ళు దాటిన రంగులరాట్నం ఉంది. ఇరవై నాలుగు కొయ్య గుర్రాలు. దాని పక్కన దాని వయసుదే ఒక ఆర్గన్ ఉంది. ఎడ్లబండి అంత పెట్టె. లోపల తిత్తులు, గొట్టాలు, రెండు డోళ్ళు, ఒక జత తాళాలు. దాన్ని మనిషి వాయించనక్కర్లేదు. లక్క పూసిన దళసరి అట్టను పుస్తకంలా మడతలు మడతలుగా పేర్చి, ఒక వైపు నుంచి లోపలికి పంపిస్తాం. అట్టలో ఎక్కడ రంధ్రం వస్తే అక్కడ ఒక ఇనుప వేలు పైకి లేస్తుంది, దాని గొట్టం పలుకుతుంది. పొడుగు రంధ్రమైతే పొడుగ్గా, చిన్నదైతే చిన్నగా. పెట్టె ముందు భాగంలో ఎర్ర కోటు వేసుకున్న చెక్క బొమ్మ ఒకటి నిలబడి, పాటకు తగ్గట్టు చెయ్యి ఎత్తి దించుతూ ఉంటుంది. దాని చెయ్యికి కూడా అట్టలో ఒక వరుస రంధ్రాలు ఉంటాయి.

ఆ పెట్టె బాగు చేయడం నాకెవరూ నేర్పలేదు. విప్పి, గుర్తులు పెట్టుకుని, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను. పాత అట్ట పుస్తకాలు తేమకు ఉబ్బిపోయి నాలుగే మిగిలాయి. కొత్త పాట చేయించాలని ఫెయిర్ కమిటీ ఎప్పటి నుంచో అనుకుంటోంది గానీ చేసేవాళ్ళు దొరకలేదు.

మాస్టారు ఆ రోజు ఒక పాత పాట మొత్తం నిలబడి విన్నారు. విని, ముందు వైపు కాదు, వెనక్కి వెళ్ళి తిత్తులు లేస్తూ పడుతూ ఉండడం చూశారు. చాలాసేపు అక్కడే ఉన్నారు. ఆ తర్వాత అన్న మాట నేను అదే రోజు రాసుకున్నాను గనక తప్పు పోదు: "నాకు ఊపిరి చాలట్లేదు తమ్ముడూ. దీనికి బోలెడు ఊపిరి ఉంది, చెప్పేవాడు లేడు."

అలా మొదలైంది. మర్నాడే ఒక లాంగ్ నోటుబుక్కుతో వచ్చారు. నేను ఒక్కొక్క ఇనుప వేలూ ఎత్తుతుంటే ఆయన విని, ఏ గొట్టం ఏ స్వరమో రాసుకున్నారు. పియానో మీద ఉన్నట్టు అన్ని స్వరాలూ ఇందులో ఉండవు. చేసినవాళ్ళు తమ పాటలకు కావలసినవే పెట్టారు. పాట కట్టేవాడు లేనివాటి చుట్టూ తిరిగి వెళ్ళాలి. "పర్లేదు, మోహనానికి ఐదు స్వరాలు చాలు. ఐదూ ఉన్నాయి," అన్నారు. అసలు కష్టం వేరే చోట వచ్చింది. సన్నాయి మీద ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారవచ్చు, ఊగవచ్చు. ఈ గొట్టాలకు అది రాదు. పలికితే పలుకుతాయి, లేకపోతే లేదు. వారం రోజులు ప్రయత్నించి, "దీనికి మెడ లేదయ్యా. తల తిప్పలేదు. నిటారుగా నిలబడి చెప్పాల్సిందే," అని నవ్వారు. కానీ వదిలిపెట్టలేదు. పక్కపక్క రెండు గొట్టాలను పొట్టి పొట్టి రంధ్రాలతో, ఆవగింజలు చల్లినట్టు, ఒకదాని తర్వాత ఒకటి పలికిస్తే స్వరం వణికినట్టు వినిపిస్తుందని కనిపెట్టారు. ఊగడం కాదు, వణకడం. ఆయనకు అది చాలు.

రంధ్రాలు కొట్టడానికి పంచ్ లేదు. తన గ్యారేజీలో చిన్న లేత్ ఉంది గదా అని, గట్టి ఉక్కు కడ్డీ తెచ్చి, రెండు వారాలు కూర్చుని ఆయనే చేశారు. అంచు బ్లేడులా ఉంటుంది. దాన్ని నా చేతిలో పెడుతూ, "ముప్ఫై ఏళ్ళు వాళ్ళ డ్రాయింగుకి చేశా. ఇది నా డ్రాయింగు," అన్నారు.

రెండు చలికాలాలు పట్టింది. ఆయన భోజనాల బల్ల మీద గీతల కాగితం పరిచి గుర్తులు పెట్టేవారు, నేను మా బేస్‌మెంటులో అట్ట మీదకు ఎక్కించి రంధ్రాలు కొట్టేవాణ్ణి. ఈరోజు మూడు మడతలు, ఈరోజు రెండు, ఈరోజు ఒకటి చెడింది, అని నా నోటుబుక్కులో ఉంది. వదినగారు తొడ మీద తాళం వేస్తూ లెక్కపెట్టాలి, ఆయన గడియారం చూసి అది ఎన్ని మడతలవుతుందో కట్టాలి. "నలభై ఏళ్ళు వండిపెట్టా. ఇప్పుడు లెక్కల పరీక్ష కూడా పెట్టారు," అని ఆవిడ గొణిగేవారు. లెక్క మాత్రం తప్పేవారు కాదు.

ఎర్ర కోటు బొమ్మకు ఆయన రంధ్రాలు గీయలేదు. మరిచిపోయారనుకుని అడిగాను.

"మర్చిపోలా. నా పాటకి ఎవడూ చెయ్యూపక్కర్లా. వాణ్ణి ఊరికే నిలబడి వినమను," అన్నారు.

ఇక నడిమి భాగం గురించి చెప్పాలి. పాట మెట్లు మెట్లుగా పైకి వెళ్ళి, అన్ని గొట్టాలూ, డోళ్ళూ కలిసి గట్టిమేళంలా మోగి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ తర్వాత నాలుగు మడతలు ఉత్త అట్ట. ఒక్క రంధ్రం లేదు. ఆదితాళం రెండు ఆవర్తనాలు, పన్నెండు సెకన్లు. ఆ తర్వాత ఒక్క గొట్టం, సన్నగా, మళ్ళీ అందుకుంటుంది, ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచి.

అంత అట్ట ఖాళీగా ఎందుకు, రెండు మడతలు చాలవా అన్నాను. ఆయన పెన్సిలు కింద పెట్టారు. కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడలేదు.

"జన్మంతా నా చేత ఆపించారు తమ్ముడూ. వ్యాను లైట్లని ఆపించారు, లంచ్ అని ఆపించారు, పంతులుగారికి ఫోనొచ్చిందని ఆపించారు. నేనుగా ఇక్కడ ఆపాలి అని ఆపింది ఒక్కటి లేదు. ఈ ఒక్కచోట నేను ఆపుతా. ఎంతసేపో నేనే చెప్తా. మళ్ళీ నేనే అందుకుంటా. అందులో ఒక్క సెకను తగ్గినా ఈ పాట నాది కాదు."

ఇంత స్పష్టంగా చెప్పారు. నేను విన్నాను. రాసుకున్నాను కూడా.

పోయిన ఏడు ఆగస్టులో కమిటీకి పాట వినిపించాలి. ఆ రోజు మాస్టారికి ఊపిరి పరీక్షలు ఉండి రాలేకపోయారు. కమిటీ పెద్దావిడ, రిటైరైన స్కూలు టీచరు, మంచి మనిషి. రాట్నం తిప్పి, వలంటీర్ల పిల్లల్ని ఎక్కించి, పాట పెట్టాం. పైకి వెళ్ళింది, మోగింది, ఆగింది. ఆగగానే పిల్లలు గుర్రాల మీద నుంచి దిగడం మొదలుపెట్టారు. రాట్నం ఇంకా తిరుగుతూనే ఉంది. ఒక పిల్ల జారి మోకాలు గీరుకుంది. అరిచి, పరుగెత్తి, మోటారు ఆపాం.

తప్పు పిల్లలది కాదు. పాట ఆగితే రాట్నం ఆగినట్టు, దిగవచ్చు అన్నట్టు. నూరేళ్ళుగా అందరికీ అదే అలవాటు. ఏడేళ్ళుగా అదే రాట్నం దగ్గర ఉంటూ నాకు ఆ సంగతి తట్టలేదు. ఆయనకు తట్టే అవకాశం లేదు, ఆయనెప్పుడూ అది తిరుగుతుండగా చూడలేదు. ఆయన ఎరిగినదల్లా పెళ్ళిళ్ళు. అక్కడ సన్నాయి ఆగినా ఎవరూ గమనించరు, ఎవరూ లేవరు.

పెద్దావిడ చాలా బాగుందని, కానీ ఆ ఖాళీ తీసేయడం కుదురుతుందా అని అడిగింది. ష్యూర్ అన్నాను. అంతే. ఆ ఒక్క మాట అనడానికి ఒక క్షణం పట్టింది. ఆ ఖాళీ ఎందుకుందో చెప్పలేదు. ఆయన్ను అడిగి చెప్తాననలేదు. నాకు మాట్లాడడం రాదు అని నేను ఎప్పుడూ చెప్పుకుంటూ ఉంటాను. ఆ రోజు ఇంగ్లీషులో మాట్లాడడం చక్కగా వచ్చింది.

ఆ సాయంత్రం పేజీలో ఇలా ఉంది: "ఎండ. నాలుగు మడతలు తీసి, చివరలు గుడ్డ టేపుతో అతికించాను. అతుకు బాగా కుదిరింది." తీసిన మడతలు పారేయలేదు, షెల్ఫు మీద పెట్టాను. మాస్టారికి చెప్పాలనుకున్నాను. పరీక్షల రిజల్ట్ రానివ్వు అనుకున్నాను. వచ్చాక, అది బాగా లేదు గనక, ఇప్పుడెందుకు అనుకున్నాను.

ఫెయిర్ రోజు ఆయన ఇస్త్రీ పంచె మీద చలికోటు వేసుకుని వచ్చారు. వదినగారు పట్టుచీర. ఆర్గన్ ఎదురుగా, సరిగ్గా నడిమధ్యలో, ఆయనకు కుర్చీ వేశాను. పెద్దావిడ మైకులో ఆయన పేరు చెప్పింది, కొంచెం తప్పుగా. చప్పట్లు కొట్టారు. రాట్నం తిరిగింది. పాట మొదలైంది.

నేను పెట్టె పక్కన అట్ట అందిస్తూ నిలబడ్డాను. అక్కడి నుంచి ఆయన మొహం కనబడుతుంది. మెట్లు ఎక్కుతున్నంతసేపు కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. గట్టిమేళం వచ్చింది. కళ్ళు తెరిచి, కుడిచెయ్యి, అరచెయ్యి ఇటు తిప్పి, పైకి ఎత్తారు. ఏడేళ్ళ క్రితం ఆ డాక్టరు గారు ఎత్తినట్టే. ఆయనకు ఆ చెయ్యెత్తే వంతు జీవితంలో మొదటిసారి వచ్చింది.

అతుకు దాటిన చోట ఇనుప వేళ్ళ కింద చిన్నగా టక్కుమంది. పాట ఆగకుండా ముందుకు పోయింది.

చెయ్యి ఇంకా పైనే ఉంది. వదినగారు ఆయన వైపు చూశారు. ఆయన చెయ్యిని ఎవరిదో అన్నట్టు ఒకసారి చూసుకుని, నెమ్మదిగా దించి, కోటు జేబులో పెట్టుకున్నారు. పాట అయ్యేదాకా అది జేబులోనే ఉంది. పిల్లలు ఒక్కరూ దిగలేదు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

జనం తగ్గాక నా దగ్గరికి వచ్చారు. గొంతు మామూలుగానే ఉంది.

"ఈసారి చెయ్యెత్తింది ఎవరు తమ్ముడూ?"

"కమిటీ వాళ్ళు, మాస్టారూ. పిల్లలు మధ్యలో దిగిపోతున్నారని..."

"కమిటీ దగ్గర పంచీ లేదు, కత్తీ లేదు గదయ్యా," అన్నారు.

నేను అట్ట మడతలు పేర్చుతూ ఉండిపోయాను. ఆయన చెక్క బొమ్మ వైపు చూసి, "వాడు ఊపలా. అది మాత్రం ఉంచావు. సంతోషం," అని వదినగారి భుజం పట్టుకుని వెళ్ళిపోయారు. పార్కింగ్ దాకా రెండుసార్లు ఆగారు, ఊపిరి కోసం.

ఆ తర్వాత ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఫోన్ చేస్తే ఎత్తేవారు. ఎలా ఉన్నారంటే బాగున్నానయ్యా అనేవారు. తమ్ముడూ అనడం మానేశారని నేను గుర్తించడానికి కొన్ని వారాలు పట్టింది. డిసెంబరులో ఒకసారి వెళ్ళాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. ఈ ఏడు మంచు ఆలస్యంగా పడిందన్నారు. అవునన్నాను. వదినగారు కాఫీ ఇచ్చారు. రాట్నం ఆపి ఉంచి, మీ పాటను మీరు కట్టినట్టే మీకోసం ఒకసారి వేస్తాను, రండి అని చెప్పాలని దారంతా అనుకుంటూ వెళ్ళాను. కాఫీ తాగాను. గ్లాసు సింకులో పెట్టాను. వచ్చేశాను. ఆ రోజు పేజీలో "మాస్టారిని చూసి వచ్చాను" అని ఉంది.

దహనానికి ముందు ఫ్యూనరల్ హోములో వదినగారు ఫోనులో ఉన్న ఆయన పాత సన్నాయి రికార్డింగ్ ఒకటి పెట్టమన్నారు. అది మంగళవాద్యమమ్మా, చావు దగ్గర వేయకూడదు, అని ఒక పెద్దాయన సర్ది చెప్పారు. చెప్తూ అరచెయ్యి ఎత్తారు. నేను అక్కడే ఉన్నాను. అప్పుడు కూడా ఏమీ అనలేదు.

మే నెలలో షెడ్డు తెరిచాక కమిటీ పెద్దావిడను అడిగాను. రాట్నం ఆపి ఉంచి, ఆయన పాట ఆయన కట్టినట్టు ఒకసారి వేయవచ్చా అని. వేయకూడదని ఎవరన్నారు, ఆ రోజే అడగాల్సింది గదా అంది. ఆవిడ మామూలుగానే అంది. అంత సులువని నాకు అప్పుడు తెలిసింది. గేటు తెరవకముందు, రాట్నం కదలకముందు, ఒక్కసారి. మాస్టారు తన జన్మలో అడిగింది అదొక్కటే. అది ఇవ్వడానికి కావలసింది నా నోట్లో నుంచి ఒక వాక్యం.

టేపు కోసి, షెల్ఫు మీద ఉన్న నాలుగు మడతలూ తిరిగి అతికించాను. వదినగారిని తీసుకువెళ్ళాను. ఆవిడ మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నారు, ఒళ్ళో బిస్కెట్ల డబ్బాతో. దారిలో రేడియో మార్చలేదు. షెడ్డులో గుర్రాల మీద ఇంకా దుప్పట్లు ఉన్నాయి. ఆవిడ గతసారి ఆయన కూర్చున్న చోటే కూర్చుని, అడగకుండానే తొడ మీద తాళం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆ అట్టలో అతుకులు రెండున్నాయి, ఖాళీ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. మొత్తం కొత్త అట్ట మీద మళ్ళీ కొట్టవచ్చు. పంచ్ నా దగ్గరే ఉంది, అంచు ఇంకా మొద్దుబారలేదు. కానీ కొట్టను. ఈ సీజనంతా రోజూ ఉదయం గేటు తెరవకముందు ఆ పుస్తకం ఒకసారి వేస్తున్నాను. మీలో ఎవరైనా రావచ్చు. రారని తెలుసు. పాట పైకి వెళ్తుంది, మోగుతుంది, ఆగుతుంది. ఒక టక్కు. ఆ తర్వాత తెల్ల అట్ట మడత మీద మడతగా జారుతూ ఉంటుంది. తిత్తులు లేస్తూ పడుతూ ఉంటాయి. ఎర్ర కోటు బొమ్మ చెయ్యి కింద పెట్టుకుని నిలబడి ఉంటుంది. పన్నెండు సెకన్లు. ఇంకో టక్కు. ఆ రెండూ నావి.